డాక్టరు దగ్గరున్న మొక్కు పొట్టేలు

పెద్దసుబ్బమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. నిజం చెప్పకుండా ఉండటం మాత్రం ఆమెకు బాగా వచ్చు. గొర్రె ఎన్ని పిల్లలను ఈనిందని అడిగితే "దేవుడిచ్చినన్ని" అనేది. ఇంట్లో ఎవరికైనా జ్వరం తగ్గితే వీధి అరుగు మీద నిలబడి "ఇంగా ఒళ్ళు కాల్తానే ఉండాది" అని నలుగురికీ వినపడేట్టు చెప్పి, లోపలికి పోయి తలుపు మూసుకుని దేవుడి పటానికి దండం పెట్టుకునేది. దిష్టి అన్నది ఆమెకు దొంగలాంటిది. ఉన్నదేదో బయట పెడితే ఎత్తుకుపోతుంది. అందుకని ఆమె మంచినంతా లోపల దాచి, చెడ్డను బయట ఆరేసేది.

దాచనిది ఒక్కటే, నీళ్ళు. జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దోవలో మా పల్లె దగ్గర బస్సు ఆగే చోట, వేపచెట్టు కింద, ఎండాకాలం పొడుగునా కుండ పెట్టేది ఆమే. మొగుడు పోయినాక కూడా మానలేదు. బస్సు డ్రైవరు తాగి, కండక్టరు తాగి, పైనున్న మేకలకు కూడా చెంబెడు పట్టించిన రోజులున్నాయి. ఆమె ఎవరినీ ఏమీ అనేది కాదు. సాయంత్రం కుండ ఖాళీగా ఉంటే సంతోషపడేది.

రాష్ట్రం ఏర్పడి పన్నెండేళ్ళు దాటినాక వచ్చిన కరువులో ఆమె కొడుకు వెంకటేశు మందను తోలుకుని నంద్యాల కాలువల కిందికి వలస పోయినాడు. ఇంట్లో మిగిలింది ఆమె, కోడలు ఓబుళమ్మ, ఒక పొట్టేలు. ఆ పొట్టేలు ముఖం సగం నలుపు, సగం తెలుపు. పేరు బొల్లోడు. అంత దూరం నడిపిస్తే చిక్కిపోతాడని ఆమె పంపలేదు. తీరా చూస్తే ఇంటి దగ్గర వాడికి పెట్టడానికి గడ్డిపరక లేదు.

అప్పుడే ప్రొద్దుటూరు నుంచి డాక్టరు నూర్ అహ్మద్ ఒక మంచి పొట్టేలు కోసం తిరుగుతున్నాడు.

నూర్ అహ్మద్ మద్రాసులో పెద్ద చదువు చదివి, అక్కడే ఉండమన్నా ఉండక, ప్రొద్దుటూరు పత్తి మార్కెట్టు వీధిలో తన తాతలనాటి ఇంట్లో ఆసుపత్రి పెట్టినాడు. పొద్దున రోగులు, మధ్యాహ్నం నుంచి వెనక వసారాలో ల్యాబు. ఆయన పని ఇది. మనిషి గొంతులో ఒక గ్రంథి ఉంది. అది ఊరించే రసం ఒంటికి వేడినీ చురుకునూ ఇస్తుంది. ఆ రసం నెత్తురులో ఒంటరిగా తిరగదు. దాన్ని ఎక్కించుకుని మోసే మాంసకృత్తు ఒకటి ఉంది. ఎవరి నెత్తురులో అది ఎంత ఉందో కొలవాలని ఆయన తాపత్రయం. కొలవాలంటే ముందు దాన్ని, దాన్నొక్కదాన్నే, పట్టుకునే వస్తువు కావాలి. ఆ వస్తువును మనుషులు చేయలేరు. శుద్ధి చేసిన ఆ మాంసకృత్తును రవ్వంత తీసి పొట్టేలు చర్మం కింద ఎక్కిస్తే, ఇది నా ఒంటిది కాదే అని పొట్టేలు ఒళ్ళు కనుక్కుంటుంది. కొన్ని నెలల్లో దాన్ని గట్టిగా పట్టుకునే యాంటీబాడీలను తన నెత్తురులో తయారు చేసుకుంటుంది. ఆ నెత్తురు కొంచెం తీస్తే చాలు.

ఇదంతా ఆయన మా పల్లెకు వచ్చి అరుగు మీద కూర్చుని పెద్దసుబ్బమ్మకు విడమర్చి చెప్పినాడు.

"అంటే మా బొల్లోడు మనుషుల నెత్తుర్లో దొంగను పట్టే పోలీసోడైతాడా?" అని అడిగింది ఆమె.

"దొంగ కాదు పెద్దమ్మా. మోసే బండి. బండిని గుర్తుపట్టేవాడు కావాల నాకు."

"మేపేదేంది?"

"ఉలవలు, సెనక్కాయ చెక్క."

ఆమెకు మిగతాదంతా అనవసరం అనిపించింది. మాకే ఉలవలు లేని సంవత్సరం అది. వానలు పడినాక తోలుకుపోయేట్టు మాట్లాడుకుని బొల్లోణ్ణి బస్సెక్కించింది.

ల్యాబులో ఖమర్‌బీ అని ఒకామె ఉండేది. ఊడ్చేది, సీసాలు కడిగేది, పొట్టేలును చూసుకునేది ఆమే. ఇంకో పని కూడా ఉంది. చైనా గడ్డి అనే సముద్రపు నాచు కరగబెట్టి గాజు పలకల మీద పల్చగా పోసేది. రంజాన్ నెలలో ఆమె ఇంట్లో అదే చైనా గడ్డితో పాలూ చక్కెరా కలిపి మిఠాయి చేస్తారు. డాక్టరు దాంట్లో చక్కెర వేయనీయడు, ఏదో జంతువు నెత్తురు తేట కలపమంటాడు. "యా అల్లా, ఇంత చదివి చివరకు మిఠాయి చెడగొట్టేది నేర్చుకున్నారు" అని ఆమె మొదట్లో చాలా బాధపడింది. బొల్లోడు వచ్చినాక ఆ బాధ మరిచిపోయింది. పొద్దున్నే వాడి నుదురు నిమిరి "ఏం హీరో, నాష్టా అయిందా?" అని పలకరించి గాని చీపురు పట్టేది కాదు.

ఇట్లా పొట్టేలు ప్రొద్దుటూరులో కొవ్వు పడుతుండగా, ఇక్కడ ఓబుళమ్మ చిక్కిపోవడం మొదలుపెట్టింది.

ఓబుళమ్మది పులివెందుల. మెత్తని పిల్ల. రెండుసార్లు కడుపు నిలిచి, ఊరంతా తెలిసినాక, పోయింది. పెద్దసుబ్బమ్మ దానికి కారణం కనిపెట్టింది. ఊరంతా తెలియడమే కారణం. నడుమ ఒకసారి వెంకటేశు ఇంటికి వచ్చిపోయినాక, మూడోసారి నెల తప్పినప్పుడు ఆమె కోడల్ని లోపలికి పిలిచి చెప్పింది.

"ఐదో నెల వచ్చేదాంక ఎవురికీ చెప్పాకు. మీయమ్మకు గూడ."

"వాంతులైతాండాయే అత్తా. అడిగితే ఏం చెప్పల్ల?"

"పైత్యమని చెప్పు."

ఓబుళమ్మ అట్లే చెప్పింది. వాంతులు తగ్గలేదు. గుండె దడదడమనేది, చెమటలు పోసేవి, రవికె వదులైంది. చూడటానికి వచ్చిన తల్లి భయపడి పులివెందులకు తీసుకుపోయి ఒక డాక్టరుకు చూపించింది. ఆయన మంచి డాక్టరే. అడగవలసిందంతా అడిగినాడు. "నెల తప్పిందామ్మా?" అని కూడా అడిగినాడు. కానీ ఆ వరండాలో మా ఊరి ఆడవాళ్ళు ఇద్దరు బెంచీ మీద కూర్చుని చెవులు రిక్కించి ఉన్నారు. ఓబుళమ్మ తల ఊపింది. అది అవునో కాదో ఊపిన ఆమెకే తెలియదు. డాక్టరు కాదు అనుకున్నాడు. నెత్తురు తీసి పట్నానికి పంపించినాడు. అక్కడి నుంచి, గొంతు గ్రంథి రసం ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ ఉందని జవాబు వచ్చింది. గ్రంథి మితిమీరి పని చేస్తోంది, ఈ మాత్రలు వేసుకోవాలి, తగ్గకపోతే కర్నూలులో గొంతు కోసి సరిచేయాలి అని ఆయన చెప్పినాడు.

మాత్రల పొట్లంతో కోడలు తిరిగి వచ్చింది. పెద్దసుబ్బమ్మ పొట్లం అందుకుని దేవుడి గూట్లో పెట్టింది. అది మూఢం. మూఢం పోయేదాకా కొత్త మందు మొదలుపెట్టకూడదని ఆమె నియమం.

"నాకేం రోగం లేదత్తా" అంది ఓబుళమ్మ. "కడుపుతో ఉండేదానికి వాంతులు గాక ఏమొస్తాయి?"

"నువ్వు ఊరుకో పాపా. నీకేం తెల్చు" అని ఆమె తల నిమిరి, రవ్వంత మజ్జిగ తాగించి, నేరుగా గంగమ్మ గుడికి పోయింది. ఆ దోవంతా ఆమె ఏడ్చిందని చూసినవాళ్ళు చెప్పినారు. అడిగితే కళ్ళలో దుమ్ము పడిందని చెప్పిందట.

గంగమ్మ ముందు నిలబడి ఆమె మొక్కుకుంది. "తల్లీ, నా కోడలూ దాని కడుపులో నలుసూ గట్టున పడితే నా బొల్లోడు నీవాడే."

మొక్కు గంగమ్మ కంటే ముందు పూజారి సిద్దయ్య విన్నాడు. సిద్దయ్య ఆమెకు మరిది వరస. మంచివాడే కానీ జాతరలో తెగిన పొట్టేలు తల పూజారికి చెందుతుందన్న ఆచారాన్ని ఆయన ఒక్కనాడూ మరిచిపోయి ఎరుగడు.

"మంచి మొక్కు వదినా. యాడుండాడు బొల్లోడు?"

"ప్రొద్దుటూర్లో. డాక్టరు దగ్గర."

"వానికి సూదులేస్తాండారంట గదా?"

"వేసినారు. ఇంగ నెత్తురు తీస్తారంట."

సిద్దయ్య చేతిలో హారతి పళ్ళెం అట్లే నిలిచిపోయింది. "మొక్కినాక తీస్తారా? అమ్మకని చెప్పినాక ఇంకోడు ముందు రుచి చూస్తే అది ఎంగిలి గాదా? అమ్మ ఎంగిలి తింటాదా? నువ్వు తింటావా?"

పెద్దసుబ్బమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఒక్క చుక్క తీసినా మొక్కు చెడుతుంది. మొక్కు చెడితే కోడలు దక్కదు. మరునాడు మొదటి బస్సుకే బయలుదేరింది. ఓబుళమ్మను ఒంటరిగా వదిలిపెట్టడానికి భయమై వెంట తీసుకుపోయింది.

ఆమె పోయేటప్పటికి బొల్లోడు ల్యాబు పెరట్లో గంప ముందు నిలబడి ఉలవలు నములుతున్నాడు. యజమానురాలిని చూసి ఒకసారి తలెత్తి మళ్ళీ గంపలోకి దించినాడు. డాక్టరు ముఖం మాత్రం పెళ్ళివారిని చూసినట్టు వెలిగింది.

"సరైన రోజు వచ్చినావు పెద్దమ్మా. నీ పొట్టేలు నెత్తురు ఇప్పుడే పాకానికొచ్చింది. ఈ పొద్దే తీస్తాండాము."

"తీయద్దు నాయనా. నా పొట్టేల్ని నేను తోలుకపోతా."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికేనా? ఇన్ని నెలలు సూదులేసి, మేపి, ఈ పొద్దుకోసం కాచుకోనుంటే!"

"నీ ఉలవలకు దండం నాయనా. వాడు ఇంగ నీవాడు గాదు, నావాడు గూడ గాదు."

డాక్టరుకు ఏమీ అర్థం కాలేదు. ఆమె చెప్పే మనిషి కాదు. ఇద్దరూ తాడుకు చెరోపక్క పట్టుకుని నిలబడినారు. పొట్టేలు నములుతూనే ఉంది. ఈ లోపల ఎండకు, బస్సు కుదుపులకు ఓబుళమ్మ గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఖమర్‌బీ చీపురు పడేసి పరుగెత్తుకొచ్చి వీపు నిమిరింది, ముఖం కడిగింది, తన కొంగుతోనే తుడిచింది, నోట్లో ఉప్పేసిన నిమ్మబద్ద పెట్టింది. పెట్టి, చెవిలో మెల్లగా అడిగింది.

"ఎన్నో నెల బేటీ?"

"మూడు" అంది ఓబుళమ్మ.

అంత బందోబస్తుతో దాచిన మాట ఒక నిమ్మబద్దకు బయటికి వచ్చేసింది. పెద్దసుబ్బమ్మ నెత్తి మీద చేయి పెట్టుకుని అక్కడే కూలబడింది. ఇంక దాచి ప్రయోజనం లేదు. పులివెందుల, పట్నం జవాబు, మాత్రలు, కర్నూలు కోత, గంగమ్మ మొక్కు, సిద్దయ్య ఎంగిలి, అన్నీ వరసగా చెప్పింది.

డాక్టరు అంతా విని మొదట అడిగింది ఒకటే. "మాత్రలు మొదలుపెట్టినారా?"

"లేదు నాయనా. మూఢం గదా."

ఆయన జీవితంలో మొదటిసారి మూఢాన్ని మెచ్చుకున్నాడు. తరువాత నేల మీద గొంతుకూర్చుని ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పినాడు.

"పెద్దమ్మా, మా వీధిలోకి పత్తి బండ్లు వస్తాయి చూసినావా? కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో బండ్లు ఎక్కువైతాయి. బండ్లు ఎక్కువైతే వాటి మీద సరుకు గూడ ఎక్కువే ఉంటాది. దించిన సరుకే ఒంటికి పట్టేది, అది మాత్రం ఎప్పటంతే. పట్నంలో బండ్ల మీదుండే సరుకంతా కలిపి లెక్కపెట్టి, మిల్లు మితిమీరి ఆడతాందని చెప్పినారు. నీ కోడలికి జబ్బు లేదనే నాకనిపిస్తాంది."

"అట్లయితే మాత్రలు పారేస్తా. నెత్తురెందుకు?"

"అనిపిస్తే చాలదు. కడుపుతో ఉన్నామెకు ఆ జబ్బు రాగూడదని యాడా లేదు. జబ్బు ఉంటే మాత్ర మానినా ప్రమాదమే. లేకపోతే ఆ మాత్ర వేసుకున్నా ప్రమాదమే, అది బిడ్డ గొంతుకు గూడ తగుల్తాది. బండ్లు ఎన్నున్నాయో కొలిస్తే తెలుస్తాది. కొలవాలంటే నీ పొట్టేలు నెత్తురు కావాల."

"ఇంకో గొర్రె లేదా ఈ ప్రొద్దుటూర్లో?"

"ఇంకోదానికి ఇప్పుడు సూది మొదలుపెడితే, అది పాకానికొచ్చేటప్పటికి నీ మనవరాలో మనవడో పాకుతాంటారు."

పెద్దసుబ్బమ్మకు ఇప్పుడు ఎటు చూసినా దారి లేదు. కోడలు బతకాలని మొక్కిన పొట్టేలు నెత్తురు తీస్తే మొక్కు చెడి కోడలు దక్కదు. తీయకపోతే జబ్బు ఉందో లేదో తెలియక దక్కదు. ఆమె గంగమ్మను తలుచుకుని, పొట్టేలు మెడ పట్టుకుని, ఏడుస్తూ కూర్చుంది. డాక్టరు తొందరపెట్టలేదు. సూది తీసుకుపోయి లోపల పెట్టి వచ్చి, తన కుర్చీ తెచ్చి ఓబుళమ్మకు వేసినాడు.

మాట్లాడింది ఖమర్‌బీ.

"అక్కా, మా ఇండ్లల్ల ఏదన్నా మంచిది వండితే ముందర పెద్దల పేరన ఫాతెహా చదివిస్తాము. మళ్ళనే మేము తింటాము. అప్పుడది మా ఎంగిలి గాదు, వాళ్ళు పెట్టింది మేము తిన్నట్టు. మీ అమ్మకు గూడ అట్లే ముందర ఇస్తే? మొదటి చుక్కలు ఆయమ్మకు, మిగిలింది డాక్టరు సాబుకు."

పెద్దసుబ్బమ్మ ఏడుపు ఆపింది. "ప్రసాదమా?"

"ఏమంటారో మీరు, అది."

పెద్దసుబ్బమ్మ లేచి పెరట్లోంచి ఒక నున్నటి రాయి ఏరుకుంది. ఖమర్‌బీ ఇంట్లోంచి పసుపు తెచ్చింది. రాయికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపాకు చుట్టినారు. ఇద్దరూ దాన్ని ల్యాబు గడప దగ్గరికి తెచ్చేటప్పటికి డాక్టరు చేతులు అడ్డం పెట్టినాడు. లోపల అయిదు పూటలా కడిగే గది. చెప్పులతో రాకూడదు. కాళ్ళూ చేతులూ సబ్బుతో తోమి, మూతికి గుడ్డ కట్టుకుని గాని అడుగు పెట్టకూడదు. ఏ సీసానూ పైవాళ్ళు తాకకూడదు. ఇవన్నీ ఆయన గట్టిగా చెప్పినాడు.

పెద్దసుబ్బమ్మ విని శానా సంతోషపడింది. "ఇంత మడి మా సిద్దయ్య గుళ్ళో గూడ లేదు నాయనా. అమ్మ ఈడ బాగుంటాది" అని, కాళ్ళూ చేతులూ కడుక్కుని, రాయిని కూడా సబ్బుతో కడిగి మళ్ళీ పసుపు పూసి, లోపల మూల గూట్లో పెట్టింది. తన నియమాలన్నీ తానే చెప్పుకుని ఓడిపోయిన నూర్ అహ్మద్ గుడ్డ చాటున నవ్వుకున్నాడని ఖమర్‌బీ తరువాత చెప్పింది.

నెత్తురు తీసేటప్పుడు ఆయన అలవాటుగా అన్నాడు, "మొదటి చుక్కలు ఎట్లాగూ పారబోస్తాం లే."

"అమ్మకిచ్చేవి పారబోస్తావా?" అని ఆమె గద్దించింది.

మొదటి చుక్కలు వేపాకు మీద పడినాయి. అది గంగమ్మకు. తరువాత గాజు సీసా నిండింది. అది డాక్టరుకు. ఆ సీసా గడ్డకట్టినాక పైన తేరిన తేట ఎండుగడ్డి రంగులో ఉంది. దాన్ని కడిగి వడకట్టి, చైనా గడ్డిలో కలిపి, ఖమర్‌బీ పలక పోసింది. గట్టిపడినాక డాక్టరు దాంట్లో చిన్నచిన్న గుంతలు తీసి, ఒకదాంట్లో ఓబుళమ్మ నెత్తురు తేట, పక్కన కడుపుతో ఉన్న మరికొందరు తల్లులది పోసినాడు. మామూలు మనిషిది కూడా కావాలంటే ఖమర్‌బీ చేయి చాపింది. "నా బేటీ పక్కన నేనుంటా" అంది.

గుంతలోని మాంసకృత్తు మెల్లగా చుట్టూ పాకుతుంది. బొల్లోడి యాంటీబాడీలు దాన్ని ఎక్కడికక్కడ పట్టుకుంటాయి. పట్టుకున్న చోట ఉంగరం లాగా తెల్లటి చుట్ట ఏర్పడుతుంది. మాంసకృత్తు ఎక్కువైతే చుట్ట పెద్దది. ఇదంతా తేలడానికి పట్టిన నాలుగైదు రోజులూ అత్తాకోడళ్ళు ఖమర్‌బీ ఇంట్లోనే ఉన్నారు. ఆమె వాళ్ళ కోసం కొత్త కుండ కొని, కొత్త పొయ్యి వేసి, తాను ముట్టుకోకుండా బియ్యమూ పప్పూ దూరంగా పెట్టేది. రెండోపూట నుంచి పెద్దసుబ్బమ్మే ఆమెను పొయ్యి దగ్గరికి పిలిచి ఉప్పు చూడమంది.

చుట్టలు తేలినాయి. ఖమర్‌బీది చిన్నది. ఓబుళమ్మది పెద్దది. కడుపుతో ఉన్న మిగతా తల్లులవీ సరిగ్గా అంతంతే పెద్దవి. డాక్టరు అన్నీ కొలిచి, పట్నం జవాబుతో లెక్క సరిచూసి, పలకను వెలుతురుకు పట్టి చూపించినాడు. బండ్లు ఎక్కువ, మిల్లు మామూలే. ఓబుళమ్మకు జబ్బు లేదు. కడుపు ఉంది. అంతే.

అంటే పట్నం పరీక్ష, పొట్టేలు, గంగమ్మ, చైనా గడ్డి, ఇద్దరు డాక్టర్లు, ఇంతమంది కష్టపడి కనుక్కున్నది మాత్రల పొట్లం తెచ్చిన రోజే ఓబుళమ్మ అత్తకు చెప్పిన మాట. ఆ సంగతి ఆ పిల్ల ఎవరికీ గుర్తు చేయలేదు. నిమ్మబద్ద చప్పరిస్తూ ఊరుకుంది. పులివెందుల డాక్టరుకు కబురు అందినాక ఆయన మాత్రలు వద్దని చెప్పి, "కడుపుతో ఉందని ఒక్కమాట చెప్పివుంటే నాయనా" అని నుదురు కొట్టుకున్నాడట. ఓబుళమ్మ తల్లి మాత్రం ఇదంతా తాను బ్రహ్మంగారిమఠంలో పొర్లుదండాలు పెట్టినందువల్లనే అని తేల్చింది.

నెలనెలా నెత్తురు తీసినారు. నెలనెలా మొదటి చుక్కలు గూట్లో రాయి ముందు వేపాకు మీద పడినాయి. పెద్దసుబ్బమ్మ రాలేని నెల ఖమర్‌బీ గుర్తుపెట్టుకుని వేయించేది. చలికాలం పోయేటప్పటికి ఓబుళమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. పెద్దసుబ్బమ్మ వీధిలో నిలబడి "పిల్ల బక్కది, నల్లది" అని చెప్పింది. పిల్ల బొద్దుగా, నిమ్మపండు రంగులో ఉంది.

ఎండాకాలంలో గంగమ్మ జాతర వచ్చింది. గట్టున పడినారు కాబట్టి మాట తీర్చాలి. తీర్చకపోతే ఇచ్చిన చేత్తోనే గంగమ్మ పిల్లను తీసుకుంటుందని పెద్దసుబ్బమ్మ భయం. ఆమె ప్రొద్దుటూరుకు పోయి డాక్టరు ముందు నిలబడింది. అప్పటికి ఆ పొట్టేలు నెత్తురు కోసం మద్రాసు నుంచి, హైదరాబాదు నుంచి అడుగుతున్నారు. నూర్ అహ్మద్ ఒక్కమాట అడ్డం చెప్పలేదు. "మాట నీది పెద్దమ్మా" అని తానే తాడు విప్పినాడు. ఉలవలు తన చేత్తో తినిపించి, ఖమర్‌బీని వెంట పంపించినాడు.

మా గుడిలో ఒక నియమం ఉంది. పొట్టేలును గంగమ్మ ముందు నిలబెట్టి మెడ మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తరు.

వలస నుంచి తిరిగొచ్చిన వెంకటేశు తాడు బిగించి పట్టుకున్నాడు. సిద్దయ్య చెంబెడు నీళ్ళు పోసినాడు. బొల్లోడు కదల్లేదు. ల్యాబులో సంవత్సరం పొడుగునా వాడికి నేర్పింది అదే. ఎవరైనా తాడు బిగించి మెడ మీద చల్లగా ఏదైనా తడిపితే, మరి కదలకుండా నిలబడాలి. వాడు బుద్ధిమంతుడిలాగా నిలబడి, సూది గుచ్చడానికి వీలుగా మెడ కూడా ఒక పక్కకు వంచినాడు.

సిద్దయ్య రెండో చెంబు పోసినాడు. మూడోది బిందెతోనే కుమ్మరించినాడు. పొట్టేలు కళ్ళార్పింది.

"ఏం సిద్దయ్య మామా, తల కడుగుతాండావా, తల కోసం కడుగుతాండావా?" అని ఎవరో అరిచినారు.

"ప్రొద్దుటూర్ల సదువుకున్న పొట్టేలప్పా అది. పసుపునీళ్ళకు బెదురుతాదా!"

"ఇంగో బిందె తేపో. జలుబన్నా చేస్తాది."

జనమంతా నవ్వుతున్నారు. పెద్దసుబ్బమ్మ నవ్వలేదు. ఓబుళమ్మ చంకలోంచి పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుంది. అమ్మ మొక్కు వద్దంటోంది. వద్దంటే, పిల్ల సంగతి?

"సిద్దయ్యా" అంది పెద్దసుబ్బమ్మ. "అక్కర్లేదంటే, అమ్మకు కోపమొచ్చినట్టా? చాలన్నట్టా?"

సిద్దయ్య ఖాళీ బిందె కింద పెట్టినాడు. ఆయన ఆ తల కోసం ఇంట్లో మసాలా నూరించి వచ్చిన మనిషి. పొట్టేలు వైపు చూసినాడు. వదిన చేతుల్లో పిల్ల వైపు చూసినాడు. వదిన ముఖం వైపు చూసినాడు.

"చాలని వదినా" అన్నాడు. "ఆడ నెలనెలా తాగింది గదా ఆయమ్మ. కడుపు నిండినోళ్ళను ఇంగా తినమంటే ఎట్ల తింటారు?" అని వేపరెమ్మతో పిల్ల తల మీద పసుపునీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, వరసలో కొబ్బరికాయలతో నిలబడినవాళ్ళను రమ్మన్నాడు. ఎంగిలి మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు మా పూజారి ఇంట్లో మసాలాలో వంకాయ ఉడికిందని విన్నాము.

బస్సు ఆగే చోటికి నలుగురూ నడిచినారు. ముందు పొట్టేలుతో ఖమర్‌బీ, వెనక పిల్లనెత్తుకుని పెద్దసుబ్బమ్మ, ఆ వెనక ఓబుళమ్మ, వెంకటేశు. ఊరు దాటినాక ఖమర్‌బీ తాడు వదులు చేసి, కొంగులోంచి పిడికెడు ఉలవలు తీసింది.

బొల్లోడు కాళ్ళు ఎడంగా పెట్టి, ముక్కు నుంచి తోక దాకా ఒళ్ళంతా ఒక్క విదిలింపు విదిలించినాడు. పోసిన పసుపునీళ్ళన్నీ చినుకులై అందరి మీదా పడినాయి.

పెద్దసుబ్బమ్మ నిలబడిపోయింది.

"ఖమరూ."

"తాడు వదిలితేనే విదిలిస్తాడక్కా. రోజూ అంతే."

"ఆడ చెప్పలేదే నువ్వు?"

"నన్నెవురడిగినారు?" అని ఖమర్‌బీ ఉలవలు తినిపిస్తూ నిలబడింది. తల ఎత్తలేదు.

పెద్దసుబ్బమ్మ గుడి వైపు తిరిగింది. డప్పులు వినిపిస్తున్నాయి. పిల్ల ముఖం మీద పడిన చినుకులు కొంగుతో తుడిచి, పిల్లను ఓబుళమ్మకు ఇచ్చి, రెండు చేతులూ జోడించింది.

"తల్లీ, నువ్వు చూసినావు, నేను చూసినా. సిద్దయ్య చూళ్ళేదు. నీకు వాడు కావల్లంటే నేనేం దాచి పెట్టడం లేదు. ప్రొద్దుటూర్లో, పత్తి మార్కెట్టు వీధిలో, నూర్ అహ్మద్ డాక్టరు ఇంట్లో ఉంటాడు. పోయేటప్పుడు కాళ్ళు కడుక్కోని పో. ఆయప్ప ఒప్పుకోడు."

ఓబుళమ్మ గట్టు మీద కూర్చుని పిల్లకు పాలిస్తోంది. జమ్మలమడుగు బస్సు వచ్చింది. వెంకటేశు పొట్టేలును పైకెక్కించినాడు.